ఐడీ పోదు కదా అన్నా?

ఫోను రిపేరుకు తెచ్చే పిల్లోళ్లు రేటు తర్వాత అడుగుతారు, ముందు అడిగేది ఒకటే, "అన్నా, ఐడీ పోదు కదా?" ఐడీ అంటే గేమ్‌లో వాళ్ల ఖాతా, దాని పేరు. ఫొటోలు పోతాయంటే సర్దుకుంటారు, కాంటాక్టులు పోతే వాట్సాప్ గ్రూపుల్లోంచి ఏరుకుంటారు, ఫ్రీ ఫైర్ (ఫోన్లో ఆడే కాల్పుల ఆట) ఐడీ గెస్ట్‌లో ఉంది, అంటే ఏ మెయిల్‌తోనూ కలపలేదు, రీసెట్ కొడితే పోతుంది అని చెప్తే మాత్రం ఫోను వెనక్కి లాక్కుంటారు. పగిలిన డిస్‌ప్లేతోనే నెలలు నెట్టుకొచ్చినోళ్లను చూశాను. (గెస్ట్ ఐడీ ఉన్నోళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఇప్పుడే జీమెయిల్‌కి బైండ్ చేసుకోండి, తర్వాత ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు.)

కడపలో ఏడు రోడ్లకు దగ్గర్లో ఒక సందులో నాది మొబైల్ షాపు. సర్వీసింగు, సెకండ్ హ్యాండ్ ఫోన్లు, పాత ఫోన్లోంచి కొత్త ఫోన్లోకి డేటా ఎక్కించడం. ఈ పనిలో గేమ్ ప్రొఫైళ్లు వద్దన్నా కళ్లబడతాయి, ఎందుకంటే ఐడీ సరిగ్గా వచ్చిందో లేదో వాళ్ల ముందే తెరిచి చూపిస్తేగానీ కదలరు. 2018లో అదే రకం ఆట పబ్‌జీ మొబైల్ వచ్చినప్పటి నుంచీ నేనూ ఆడుతున్నాను కాబట్టి ఏ గుర్తుకు ఏం అర్థమో తెలుసు. చూడగా చూడగా నాకు బాగా తట్టిన సంగతి ఏమిటంటే, ఆడేవాళ్లు తమకు పెట్టుకునే పేరుకూ, ఆ ప్రొఫైల్ లోపల ఉండే మనిషికీ చాలా దూరం ఉంటుంది. దాని గురించే ఈ పోస్టు. ఎవరి ఐడీ ఉన్నదున్నట్టు రాయను, మనుషుల వివరాలు కూడా కాస్త మార్చే చెబుతాను.

పేర్ల దగ్గర మొదలుపెడదాం. పదిలో చదివే పిల్లోడి ఐడీ ఎట్లా ఉంటుందంటే, రెండు పక్కలా రెక్కల్లాంటి గుర్తులు, మధ్యలో డెవిల్ అనో కిల్లర్ అనో, చివర వైటీ. వైటీ అంటే వీడికి యూట్యూబ్ ఛానల్ ఉందని అర్థం. చాలామందికి ఉండదు. ఉన్నా అందులో రెండు మూడు వీడియోలుంటాయి, చూసినవాళ్లు క్లాస్‌మేట్లే. ఫ్రీ ఫైర్‌లో పేరున్న యూట్యూబర్లకు కంపెనీ ఇచ్చే వి బ్యాడ్జ్ అని ఒకటుంది, ప్రతి పిల్లోడి కన్నూ దాని మీదే. కాబట్టి ఆ వైటీ అబద్ధం అని నేను అనను. ఛానల్ పెడతాను, నన్నూ నలుగురు చూస్తారు అనే ఆశ అది. ఇంకో రకం ఎలోన్ బాయ్, శాడ్ బాయ్, బ్రోకెన్. వీటిని పెద్దోళ్లు చూసి నవ్వుతారు. పదమూడేళ్లోడికి ఏం బాధ ఉంటుందని. నేను నవ్వను. ఆ పేర్లు పెట్టుకున్న ఒకరిద్దరు పిల్లోళ్ల ఇంటి సంగతి నాకు తెలుసు, వాళ్లు చెప్పుకునే చోటు ఇంకెక్కడా లేక అక్కడ రాసుకున్నారు.

నాకు మింగుడు పడనిది సీమ పేర్లు. ఫ్యాక్షన్ అని, బాంబ్ అని, వేటకొడవలి బొమ్మ పక్కన కడప అని. ఆ పెట్టుకున్నోడు పుట్టింది 2008లోనో 2009లోనో. ఆ గొడవలు వాడు చూసింది తెర మీద, అంతే. నిజంగా చూసిన తాత ఇంట్లో ఉంటాడు, ఆయన్ని అడిగితే మాట మార్చేస్తాడు. ఇట్లాంటి ఐడీ ఉన్నోడిని ఒకసారి, ఎందుకురా ఈ పేరు అని అడిగాను. "అన్నా, గుంటూరోళ్లు, వైజాగోళ్లు మ్యాచ్‌లోకి వస్తే మన యాస వినంగానే కడపనా, బాంబులేస్తావా అని మొదలుపెడతారు. మనమే పెట్టుకుంటే ఇంక వాళ్లకు అనేదానికి ఏం ఉండదు కదా" అన్నాడు. వాడు చెప్పింది నాకు అర్థమైంది. అయినా బాధగానే ఉంది, ఎందుకంటే ఎదుటోడు తిట్టుగా వాడే మాటను వీడు ముందే మెడలో వేసుకుని తిరుగుతున్నాడు, అది వీడికి గర్వం అనిపిస్తోంది. పెన్న ఉంది, దేవుని కడప ఉంది, పెద్ద దర్గా ఉంది, గండికోట ఉంది, ఐడీలో రాసుకోవడానికి మన దగ్గర పేర్లకు కొదవా?

ఇక ప్రో (ఆరితేరినోడు), నూబ్ (ఆట రానోడు), బాట్ (కంప్యూటర్ ఆడించే బొమ్మలాంటోడు), క్యాంపర్ (ఒకచోట దాక్కుని కూర్చునేవాడు), రషర్ (మీదికి దూకేవాడు). వీటిలో మనిషి తనకు తాను పెట్టుకునేది ప్రో ఒక్కటే, మిగతావి ఎదుటోళ్లు తగిలించేవి. ఎవరు ప్రో అంటే ర్యాంకు చూపిస్తారు. బీజీఎంఐలో, అంటే పబ్‌జీ మొబైల్‌కు మన దేశం కోసం తెచ్చిన రూపంలో, బ్రాంజ్ నుంచి మొదలై సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్, క్రౌన్, ఏస్ దాటుకుంటూ పోతే చివర కాంకరర్, అది సర్వర్ మొత్తానికి 500 మందికే దక్కుతుంది. ఆ 500లో నిలవాలంటే ఆట వస్తే చాలదు, రోజూ ఆడుతూ ఉండాలి, ఎందుకంటే మనం పడుకున్నంతసేపూ కిందోడు పాయింట్లు పోగేస్తుంటాడు. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఇద్దరిని పక్కపక్కన పెట్టి చెప్తాను. ఒకడు డిప్లొమా చదువుతున్నాడు, ఏస్. ఇంకొకడు అల్మాస్‌పేట పిల్లోడు, డెలివరీ పని చేస్తాడు, ఎప్పుడు చూసినా గోల్డే. ఇద్దరి ప్రొఫైళ్లూ లోపలికి పోయి చూస్తే డెలివరీ పిల్లోడి ఎఫ్‌డీ, అంటే సగటున ఎంతమందిని లేపేశాడనే లెక్క, ఏస్‌వోడికంటే బాగా ఎక్కువ. హెడ్‌షాట్లూ అంతే. కానీ వాడు సీజన్ మొత్తానికి ఆడే మ్యాచ్‌లు ఏస్‌వోడు వారంలో ఆడేస్తాడు. ఆ డిప్లొమా పిల్లోడు తనను ప్రో అనుకుంటాడు, డెలివరీ పిల్లోడు "నాదేముంది అన్నా, ఊరికే టైంపాస్" అంటాడు. ర్యాంకు చేతివాటం కంటే తీరికను ఎక్కువ చూపిస్తుంది, ఈ సంగతి తెలియక ఎంతోమంది బాగా ఆడేవాళ్లు తమను నూబ్ అనుకుంటూ ఉండిపోతారు.

పీసీల్లో అయితే ఇది ఇంకా బాహాటం. స్టీమ్ అని పీసీ గేమ్‌లు కొనుక్కుని ఆడే చోటు ఒకటుంది, దాని ప్రొఫైల్‌లో ఏ గేమ్ ఎన్ని గంటలు ఆడావో అంకె వేసి మరీ చూపిస్తుంది. హార్డ్‌కోర్ అనిపించుకోవాలనుకునేవాడికి ఆ గంటలు పతకం, ఉద్యోగం వెతుక్కునేవాడికి అవే గంటలు తలనొప్పి. 2018 ఏప్రిల్‌లో స్టీమ్ వాళ్లు ఆ గేమ్ వివరాలు మనం కావాలంటే తప్ప అందరికీ కనపడకుండా మార్చారు, అది మంచి పని. మా ఊళ్లో స్టీమ్ వాడేవాళ్లు ఇంజినీరింగ్ పిల్లలు కొందరే, కాబట్టి దాన్ని వదిలేస్తాను.

ఆడేవాళ్లను రకాలుగా విడదీసి చెప్పిన పెద్దాయన ఒకరున్నారు, రిచర్డ్ బార్టిల్. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ యూనివర్సిటీలో 1978లో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన మడ్ అనే ఆటను ఈయన కలిసి తయారుచేశాడు. అందులో బొమ్మలుండవు, అంతా అక్షరాలే, కానీ ఒకేసారి చాలామంది ఆడొచ్చు. ఆ ఆటల్లో మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించి 1996లో ఒక వ్యాసం రాశాడు, ఆటగాళ్లను పేకముక్కల లెక్కన నాలుగు రకాలన్నాడు. పాయింట్లు, మెట్లు, నిధుల వెంట పడేవాళ్లు డైమండ్లు. మూలమూలలూ తవ్వి చూసేవాళ్లు ఇస్పేట్లు. మనుషుల కోసం వచ్చి కబుర్లతో గడిపేవాళ్లు ఆటీన్లు. ఎదుటోడిని కొడితేగానీ తృప్తి లేనివాళ్లు కళావర్లు. ఆయన చూసిన ఆటలు వేరు, దేశం వేరు. అయినా దీన్ని మా షాపు కౌంటర్ మీద పెట్టి చూస్తే నాకు కనపడేది ఇది: కడపలో పేర్లన్నీ కళావర్లే, ప్రొఫైళ్లన్నీ ఆటీన్లే. డెవిల్, కిల్లర్, ఫ్యాక్షన్ అని పెట్టుకున్నోడి ఆట చరిత్ర తెరిస్తే ప్రతి మ్యాచ్ అదే నలుగురితో. వాళ్లలో ఒకడు రాని రోజు వీడూ ఆడడు. టీమ్‌లో ఒకడు పడిపోతే, లేపడానికి పోయి తనూ చచ్చి, దాంతో పాయింట్లు పోయి, మళ్లీ అదే చేస్తాడు. కిల్లర్ అంట!

ఈ మనుషుల సంగతిలో మా ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది, కువైట్. కడప, రాయచోటి, రాజంపేట వైపు ఏ వీధిలో చూసినా కువైట్‌కు పోయినోళ్లు ఉంటారు, నాయనో, అమ్మో, అన్నో, మేనమామో. వాళ్లు పంపిన ఫోన్లే చాలావరకు నా దగ్గరికి వస్తాయి. 2020 సెప్టెంబర్ 2న మన దేశంలో పబ్‌జీ మొబైల్‌ను ఆపేసినప్పుడు ఊళ్లో పిల్లలు ఏడ్చారని పేపర్లలో సరదాగా రాశారు గానీ, మా దగ్గర దానికి ఇంకో ముఖం ఉంది. అక్కడున్న అన్నలకు ఆట అట్లాగే ఉంది, ఇక్కడున్న తమ్ముళ్లకు పోయింది. ఒకే స్క్వాడ్, అంటే కలిసి ఆడే నలుగురి టీమ్, రెండుగా చీలింది. 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది, అది మన దేశంలోవాళ్లకే, కాబట్టి మళ్లీ కలిసేది లేదు. 2022 జూలైలో దాన్నీ తీసేశారు, 2023 మేలో తిరిగొచ్చింది. ఈ మధ్యలో అన్నాతమ్ముళ్లు లూడో కింగ్‌కు మారారు.

లూడోను గేమ్ కింద లెక్కేయరు ఎవరూ, ప్రో లూడో ప్లేయర్ అని ఐడీ పెట్టుకున్నోడిని నేను చూడలేదు. కానీ నేను చూసిన ప్రొఫైళ్లన్నింటిలో మనిషిని ఎక్కువ చూపించేది అదే. రాయచోటి దగ్గర ఒక ఊరి నుంచి ఒకాయన వచ్చాడు, కువైట్‌లో డ్రైవరు, సెలవు మీద వచ్చి ఫోను మార్చుకుంటున్నాడు. లూడో సరిగ్గా ఎక్కిందా అని రెండుసార్లు అడిగాడు. తెరిచి చూపించాను. ఫ్రెండ్స్ లిస్టులో ఇద్దరే, ఇద్దరికీ మన జెండా, ఒకరి పేరు బంగారు, ఇంకొకరి పేరు చిన్నోడు. ఆయన పేరు పక్కన కువైట్ జెండా. పిల్లోళ్లా అని అడిగితే, "ఆ నాయనా, ఈడ రాత్రి పదైతే ఆడ ఏడున్నర, నాకు బండి దిగే టైమ్. రోజూ ఒక ఆట ఆడి పడుకుంటారు, లేకపోతే పడుకోరు" అన్నాడు. ఫోన్లో మాట్లాడుకోరా అంటే, "మాట్లాడితే ఏముంటాది, తిన్నావా, బడికి పోయినావా, అంతే కదా. ఆట అయితే కొట్లాడతారు నాతో" అన్నాడు. గెలుపులు, ఓటములు లెక్క కూడా అక్కడే ఉంది, ఓటములు చాలా ఎక్కువ. ఈ మనిషిని ఏ రకం ఆటగాడంటారో, క్యాజువల్, అంటే ఎప్పుడో తీరికకు ఆడేవాడు, అంటారేమో. రోజూ, ఏళ్లుగా, ఒక్క రాత్రి తప్పకుండా ఆడేవాడిని క్యాజువల్ అనడానికి నాకు నోరు రాదు.

అసలు ఎక్కువ ఆడేవాళ్లే గేమర్లం కాదంటారు. యాభై దాటిన ఆడవాళ్లు ఫోను మార్చుకోవడానికి వస్తే, గేమ్స్ ఏమైనా ఉన్నాయా అమ్మా అని అడుగుతాను. "నాకు గేమ్స్ యాడివి నాయనా, పిల్లోళ్లు ఆడుకుంటారు" అంటారు. ఫోను తెరిస్తే క్యాండీ క్రష్ లెవెల్ వేలల్లో ఉంటుంది. 2012లో వచ్చిన ఆట, ఐదు ప్రాణాలు, ఒక్కో ప్రాణం మళ్లీ రావడానికి అరగంట. ఆ అరగంట లెక్క చూసుకుని పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చునేవాళ్లు వీళ్లు. అంత ఓపికగా, అంత లెక్కగా ఆడేవాళ్లు మా స్క్వాడ్‌లలో దొరకరు. వాళ్లను గేమర్ అనమని కొట్లాడను, వాళ్లకు ఆ పేరుతో పని లేదు. కానీ మొగపిల్లోడు ఆడితే గేమర్, అమ్మ ఆడితే టైంపాస్ అనే లెక్క మాత్రం సరైంది కాదు.

ఆ లెక్క వల్లే ఆడపిల్లలు దాక్కుని ఆడుతున్నారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి, ప్రొద్దుటూరు నుంచి ఇక్కడికొచ్చి హాస్టల్లో ఉండి చదువుతోంది, తన టీమ్‌కు ఐజీఎల్ తనే, అంటే ఎక్కడ దిగాలి, ఎప్పుడు కదలాలి, ఎవరిమీదికి పోవాలి అని చెప్పేది తను. టీమ్‌లో మిగతా ముగ్గురిలో ఇద్దరికి తను అమ్మాయి అని తెలియదు. ఐడీ మొగపేరు, ప్రొఫైల్‌లో క్యారెక్టర్ మొగవాడు, మైక్ ఎప్పుడూ ఆఫ్. మ్యాప్ మీద గుర్తులు పెట్టి, రెడీమేడ్ మెసేజ్‌లు నొక్కి మొత్తం టీమ్‌ను నడిపిస్తుంది. "బ్రో మూగోడా" అని ఎవడో అడిగాడట. ఎందుకమ్మా మైక్ ఆఫ్ అంటే, "ఆన్ చేస్తే ఇంక ఆట ఉండదు అన్నా. సగం మంది నంబర్ అడుగుతారు, సగం మంది వంటింట్లోకి పో అంటారు. ఎవడూ మార్క్ చేసిన చోటికి రాడు" అంది. నేను చెప్పాలనుకున్నది ఇదే: ఆ ప్రొఫైల్‌లో ప్రతి అంకె నిజం, పేరూ బొమ్మా అబద్ధం, ఆ అబద్ధం తను ఆడింది కాదు, మనం ఆడించింది. మా స్క్వాడ్‌లలోకి కొత్త గొంతు ఎవరిది వినిపించినా ఆట గురించి తప్ప మాట్లాడొద్దని నా దగ్గరికొచ్చే ప్రతివాడికీ చెప్తున్నాను. కొందరు తలూపుతారు. కొందరు నవ్వుతారు, వాళ్లకు మళ్లీ చెప్తాను.

పెద్దోళ్ల దగ్గర గేమర్ అనే మాటకు ఉన్న అర్థం ఇంకా వేరు. ఆన్‌లైన్ గేమ్ అంటే వాళ్లకు గుర్తొచ్చేది రమ్మీ. దానికి కారణం ఉంది, డబ్బు పెట్టి ఆడి ఇల్లు గుల్ల చేసుకున్నోళ్లు ప్రతి వీధిలో తెలిసినవాళ్లే. మన రాష్ట్రంలో రమ్మీ, పోకర్ లాంటి వాటిని 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పందెం గేమ్‌లను ఆపింది. ఆ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా, సరదాగా ఆడుకునే గేమ్‌లను వేరుగా, డబ్బు గేమ్‌లను వేరుగా చూసింది. చట్టానికి తెలిసిన తేడా మా వీధుల్లో ఇంకా చాలామంది నాయనలకు తెలియదు. పిల్లోడు చేతిలో ఫోను అడ్డంగా పట్టుకుంటే చాలు, చెడిపోయినాడని.

దీనివల్ల జరిగే నష్టం నేను రోజూ చూస్తున్నాను కాబట్టి గట్టిగానే చెప్తాను. పిల్లోళ్ల ఐడీల్లో ఉండకూడనివి చాలా ఉంటున్నాయి. పేరు చివర పుట్టిన సంవత్సరం, బయోలో స్కూలు పేరు, ఇన్‌స్టా ఐడీ, ఒక్కోసారి ఫోన్ నంబరే. ఊరి పేరు ఎట్లాగూ ఉంటుంది. ఎవడికైనా ఇంకేం కావాలి? వయసు మాత్రం ఎవరూ నిజం పెట్టరు, 18 లోపు వాళ్లకు రోజుకు 3 గంటలే అని బీజీఎంఐ పెట్టిన పరిమితి తప్పించుకోవడానికి నాయన పుట్టినరోజు పెట్టేస్తారు. ఇంత రాసి పెట్టుకున్న పిల్లోడికి ఒకడు మెసేజ్ పెడతాడు, పేరు పెట్టి పిలుస్తాడు, స్కూలు పేరు కూడా చెప్తాడు, తెలిసినవాడే అనిపిస్తుంది. యూసీ (గేమ్‌లో వాడే డబ్బు) సగం ధరకు ఇప్పిస్తా అంటాడు, లేదా కాంకరర్ ఫ్రేమ్ (ప్రొఫైల్ బొమ్మ చుట్టూ వచ్చే ర్యాంకు అంచు) ఉన్న పాత ఐడీ అమ్ముతా అంటాడు. అరువు తెచ్చుకున్న హోదా అయినా సరే, స్క్వాడ్‌లో గౌరవం వస్తుందని పిల్లోడు అమ్మ ఫోన్లోంచి డబ్బు కొడతాడు. ఐడీ చేతికొస్తుంది, నాలుగు రోజుల తర్వాత అసలోడు తన పాత మెయిల్‌తో రికవర్ చేసుకుని లాక్కుంటాడు. కొన్నిసార్లు ఓటీపీ అడిగి బ్యాంకు ఖాతానే ఊడుస్తాడు.

ఇట్లాంటప్పుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు ముందుకు పోకుండా ఆపే వీలుంటుంది, ఆలస్యమైనకొద్దీ అది తగ్గిపోతుంది. కానీ పిల్లోడు ఇంట్లో చెప్పడు. గేమ్ అన్న మాట ఎత్తితే ఏం జరుగుతుందో వాడికి తెలుసు. రెండు వారాలు లోపల్లోపల కుమిలి, టెన్షన్ తట్టుకోలేక నా దగ్గరికొచ్చి "అన్నా, ఎట్లన్నా వస్తాదా" అని అడుగుతాడు. అప్పటికి చేసేది ఏమీ ఉండదు.

కాబట్టి ఇంట్లో ఆడే పిల్లలున్న అన్నలు, అక్కలు, మీకో పని చెప్తాను. వాడి ఐడీ ఏమిటో, ఆ పేరు ఎందుకు పెట్టుకున్నాడో, స్క్వాడ్‌లో ఉన్న మిగతా ముగ్గురు ఎవరో ఈ వారంలో ఒకసారి కూర్చోబెట్టుకుని అడగండి. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. బయోలో నంబరు, స్కూలు పేరు ఉంటే వాడి చేతనే తీయించండి. పేరు చివర పుట్టిన సంవత్సరం ఉంటే రీనేమ్ కార్డు వాడి మార్చుకోమనండి. మార్చడం రాకపోతే షాపుకు రండి, దానికి డబ్బులు తీసుకోను.